మొదటి విడత ఇనప మావయ్య

మా తమ్ముడికి పెళ్ళైన కొత్తలో పెళ్ళాంతో నాలుగు మాటలు మాట్లాడటానికి నాలుగు నెలలు పట్టింది. అదే మనిషిని ఒక బొమ్మ ముందు కూర్చోబెట్టండి, నలభై నిమిషాలు గుక్క తిప్పుకోకుండా వాయిస్తాడు. అదీ మామూలు బొమ్మ కాదులెండి, రోబో. నిలబెడితే రోబో, మడిస్తే క్రేన్ లారీ. చేతులు వెనక్కి, కాళ్ళు పైకి, తల లోపలికి, మొత్తం పద్నాలుగు మడతలు. యాభై నిండబోతున్న మగాడు, ఇంట్లో కుళాయి కారుతుంటే పట్టించుకోడు గానీ, ఆ బొమ్మ మోకాలు కాస్త వదులైందంటే ఆ పూట అన్నం సహించదు.

వాడి ఉద్యోగం కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో. ఆవగింజలో సగం ఉండే స్క్రూలు, విరిగిన కాడలు, వంగిపోయిన ఫ్రేములు, ఇవీ వాడి లోకం. దుకాణానికి సెలవైన గురువారం మాత్రం ఇంట్లో చివరి గదిలో బూడిద రంగు గుడ్డ పరిచి, ఫోను స్టాండుకి తగిలించి, పాత బొమ్మల మీద రివ్యూలు తీస్తాడు. పాత బొమ్మలు కూడబెట్టేవాళ్ళు పదకొండు వేలమంది చూస్తారట. వాళ్ళందరికీ వాడు "కళ్ళజోడు గారు". నేను చొక్కాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు కాలర్లు కుట్టి ఈమధ్యే మానేశాను. పక్క వీధిలోనే ఉంటాను కాబట్టి గురువారం గురువారం వెళ్ళి లైటు పట్టుకుంటాను. జీతం లేదు, పైగా తిట్లు. "అక్కా, నీడ పడుతోంది." "అక్కా, ఊపిరి గట్టిగా పీల్చకు, వినపడుతోంది." ఊపిరి పీల్చకుండా లైటు పట్టుకునే మనిషిని ఎక్కడినుంచి తెచ్చుకుంటాడో తెచ్చుకోమనండి చూద్దాం.

అయితే వాడి పద్ధతి వాడికుంది, ఆ మాట చెప్పుకోవాలి. ముందు బొమ్మని వంటింటి తూకం మీద పెడతాడు. తర్వాత డాక్టరు గుండె విన్నట్టు చెవి దగ్గర పెట్టుకుని మోచెయ్యి, మోకాలు ఒక్కొక్కటే తిప్పుతాడు. "టిక్" అనాలట. "టక్" అంటే లోపలి పిన్ను లావు, అసలేమీ అనకపోతే పిన్ను సన్నం. ఐదో మడత దాటేదాకా బాగుందనీ అనడు, బాలేదనీ అనడు. తెలియనిదాన్ని తెలియదంటాడు. అందుకే వాడి మాటకి ఆ విలువ.

ఆ విలువంతా నిలబడింది ఒక్క బొమ్మ మీద. వాడికి ఏడేళ్ళప్పుడు మా నాన్న కొన్న క్రేన్ రోబో. ఛాతీ ఇనుము, చేతులు ప్లాస్టిక్కు, ముఖం చూస్తే అప్పుడే ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టు ఉంటుంది. మేం దానికి "ఇనప మావయ్య" అని పేరు పెట్టుకున్నాం. ఆ బొమ్మ అమ్మకానికి వచ్చిన మొదటి వారంలో కొన్నది, అట్టపెట్టె మీద మొదటి విడత ముద్ర కూడా ఉంది. అందరి దగ్గరున్న తర్వాతి విడతల బొమ్మలకి ముంజేతి మీద పసుపు గీత బయటికి కనిపిస్తుంది, మా వాడి దానికి లోపలికి, ఒంటివైపు తిరిగి ఉంటుంది. పైగా పదకొండో మడతలో చెయ్యి కాస్త అడ్డుపడుతుంది, బొటనవేలితో చిన్నగా నొక్కితే గానీ కూర్చోదు. "మొదటి విడత లక్షణాలు ఇవే" అని ఇరవై ఏళ్ళ కిందట మా వాడు తేల్చాడు. అందరూ ఒప్పుకున్నారు. కాదనాలంటే ఇంకో మొదటి విడత బొమ్మ కావాలి కదా! అది ఒక రిటైరైన మాస్టారి దగ్గరుంది. ఆయన పెట్టె సీలు ముప్పై ఏళ్ళుగా విప్పలేదు, విప్పడు కూడా. అందరూ ఆయన్ని "పెట్టె మాస్టారు" అంటారు.

ఇదిలా ఉండగా మొన్నామధ్య ఒకావిడ, మూతపడ్డ ఆ బొమ్మల ఫ్యాక్టరీ అచ్చులు సంపాదించి, తుప్పు వదిలించి, నలుగురు పనివాళ్ళతో మూడేళ్ళు తంటాలు పడి, ఆ రోబోని మళ్ళీ తీసింది. అచ్చుల ఆవిడ అందాం. "మొదటి విడత ఎలా ఉందో అచ్చంగా అలాగే" అని పెట్టె మీద వేసుకుంది. అందరికంటే ముందు ఒకటి మా వాడికి పంపింది, మీరు చూసి చెప్పండి సార్ అని.

ఆ గురువారం మా వాడు కొత్త చొక్కా వేసుకున్నాడు. నిజం. తూకం సరిపోయింది. ముఖం సరిపోయింది. చెవి దగ్గర పెట్టుకుని మోకాలు తిప్పితే "టిక్" అంది, వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఐదో మడత దాటాక, "చాలా బాగుంది" అన్నాడు. వాడి నోట ఆ మాట రావడం నేను ఏడాదిలో రెండుసార్లు వింటానేమో. తర్వాత చేతుల దగ్గరికొచ్చాడు. పసుపు గీత బయటికి ఉంది. పదకొండో మడత నొక్కకుండానే వెన్నలా కూర్చుంది.

వాడు ఆగిపోయాడు. పాత బొమ్మని పక్కన పెట్టాడు, రెండిటినీ ఒక నిమిషం చూశాడు. "క్షమించాలి. ఇది మొదటి విడత కాదు. చేతులు తప్పు. పదకొండో మడతలో పట్టు కూడా లేదు. కష్టపడి తీశారు, కానీ పెట్టె మీద రాసిన మాట నిజం కాదు" అన్నాడు.

నా చేతిలో లైటు ఊగింది. "అక్కా!" అని కసిరాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది నా పని. ఎందుకంటే, ఆ పాత బొమ్మ చేతులు అటుదిటు చేసింది నేనే.

అసలు సంగతి చెబుతాను, వినండి. వాడికి ఏడేళ్ళు, నాకు పది. వాడికి టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు హాస్పిటల్లో ఉన్నాడు. ఇంటికి తీసుకొచ్చే ముందు నాన్న ఈ బొమ్మ కొని బీరువా మీద దాచాడు. ఆ మూడు వారాలు ఇంట్లో అంట్లు తోమింది నేను, అమ్మకి క్యారియర్ మోసుకెళ్ళింది నేను. నాకు మాత్రం ఏమీ లేదు. ఒళ్ళు మండిపోయింది. స్టూలేసుకుని ఎక్కి పెట్టె దించి, ఎవరూ లేనప్పుడు రెండ్రోజులు ఆ బొమ్మతో ఆడాను. రెండో రోజు కోపంలో, ఇందులో ఏముందో చూద్దామని, రెండు మోచేతుల పిన్నులూ ఊడదీశాను. మా నాన్న బండ్లకి సీట్లు కుట్టేవాడు, ఇంట్లో దబ్బనాలకీ తోలుముక్కలకీ కొదవలేదు. ఊడదీశాక భయమేసింది. మళ్ళీ పెట్టేశాను. పెట్టాక చూస్తే గీతలు లోపలికి పోయాయి. కుడిది ఎడమకి, ఎడమది కుడికి పెట్టానన్నమాట. సరిచేద్దామంటే గుమ్మం దగ్గర నాన్న చెప్పుల చప్పుడు. పెట్టెలో పెట్టి బీరువా మీద తోసేశాను.

మర్నాడు వాడు ఇంటికొచ్చాడు, పుల్లలా ఉన్నాడు. బొమ్మని చూసి మూడు వారాల తర్వాత మొదటిసారి నవ్వాడు. అప్పుడేం చెప్పను? తర్వాత చెబుదాంలే అనుకున్నాను. తర్వాత, తర్వాత అంటూ నలభై రెండేళ్ళు గడిచాయి. ఈలోగా వాడు ఆ తప్పు మీద పెద్ద మేడే కట్టుకున్నాడు. నేను అబద్ధమాడలేదండీ, ఎవరూ నన్ను అడగలేదు, అంతే. ఇలా నాకు నేను చెప్పుకుంటూ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఇక ఊరుకుంటే చెల్లని రోజు వచ్చింది. శనివారం పొద్దున నేను వాళ్ళింట్లో ఉండగానే అచ్చుల ఆవిడ ఫోన్ చేసింది. మా వాడు స్పీకర్‌లో పెట్టాడు.

"సార్, మీ రివ్యూ చూశాం. ఒకరోజంతా మాకు నోట మాట రాలేదు. మా దగ్గర అచ్చులున్నాయి గానీ మొదటి విడత బొమ్మ లేదు కదా. ఏ చెయ్యి ఎటో అచ్చు చెప్పదు. మీ మాట మీద మాకు నమ్మకం. సోమవారం నుంచి రెండువేల వంద బొమ్మలకీ పిన్నులు తీసి చేతులు మార్చేస్తాం."

"తీసిన పిన్ను మళ్ళీ పెడితే పట్టు ఉండదమ్మా" అన్నాడు మా వాడు, వాడికీ బాధగానే ఉంది.

"తెలుసు సార్. ఐదిట్లో ఒకటి పగులుతోంది కూడా. కానీ తప్పు బొమ్మకి నిజం అని పేరు పెట్టి ఎలా పంపిస్తాం? మీరు చెప్పారు కాబట్టి సరిపోయింది" అంది ఆవిడ. దండం పెట్టినంత మర్యాదగా ఫోన్ పెట్టేసింది.

మా వాడు ఫోన్ పక్కన పెట్టాడు. "మంచి మనిషి. ఇంకొకళ్ళైతే నన్ను తిట్టేవాళ్ళు" అన్నాడు. చెబితే వాడి ఇరవై ఏళ్ళ పేరు ఒక్కపూటలో పోతుంది. చెప్పకపోతే సోమవారం రెండువేల బొమ్మలు, ఆ నలుగురి మూడేళ్ళ కష్టం, నా మూలంగా పాడవుతాయి. వంటింట్లోకి వెళ్ళి మా మరదలికి మొత్తం చెప్పేశాను. ఆ పిల్ల కత్తి పక్కన పెట్టి అంతా విని, నవ్వుతుందో ఏడుస్తుందో తెలియకుండా ముఖం పెట్టి, "వదినా, మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అంది.

"నేనే చెబుతాను. రేపు."

"రేపు ఆదివారం. ఎల్లుండి సోమవారం" అంది, నాకు వారాలు తెలియనట్టు.

ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. మా వాడు చివరి గదిలో కంటికి భూతద్దం పెట్టుకుని ఎవరి కళ్ళజోడో బిగిస్తున్నాడు. కూర్చుంటే ధైర్యం చాలదని నిలబడే అన్నాను, "ఒరేయ్, ఇనప మావయ్య చేతులు మార్చింది నేనే. నువ్వు హాస్పిటల్ నుంచి రాకముందు రెండ్రోజులు దొంగచాటుగా మడిచి ఆడుకున్నప్పుడు."

భూతద్దం తీసి నన్ను చూశాడు. నవ్వాడు. "అక్కా, ఆవిడ మీద జాలితో అంటున్నావు."

"నా మొహం జాలి! ఆవిడెవరో, నేనెవరో!"

"పిన్ను మీద ఒక్క గీత లేదే. ఇరవై ఏళ్ళుగా ఈ అద్దంతో చూస్తున్నాను. గీత పడకుండా ఆ పిన్ను ఎవరూ తీయలేరు. నేనే తీయలేను, పదేళ్ళ పిల్లవి నువ్వు తీశావా?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే ఇదే. నలభై రెండేళ్ళు దాచిన సంగతి గుండెలు చిక్కబట్టుకుని బయటపెడితే నమ్మడే! నాకు భయం పోయి కోపం వచ్చింది. "అయితే ఇలా తే, నీ కళ్ళముందే తీసి చూపిస్తాను" అన్నాను.

వాడి ముఖం పాలిపోయింది. అల్మారాలో ఉన్న మావయ్యని చూశాడు, నన్ను చూశాడు. ఆ బొమ్మని వాడు సొంత కూతురి చేతికి కూడా ఇవ్వడు. గుమ్మంలోంచి మా మరదలు అంది, "ఇవ్వండి. వేరేవాళ్ళ బొమ్మలు రెండువేలు విప్పిస్తారు గానీ, మీది ఒక్కటి విప్పనివ్వరా?"

మాట సూటిగా తగిలింది. లేచి అల్మారా తాళం తీసి, బొమ్మని రెండు చేతులతో తెచ్చి నా ముందు గుడ్డ మీద పెట్టాడు.

నేను వెంటనే పిన్ను జోలికి పోలేదు. ముందు ఆ మోచేతిని నా గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలు. చలికి బిగుసుకున్న ప్లాస్టిక్కు ఒంటి వేడికి కాస్త వదులవుతుందని నాకెవరూ నేర్పలేదు, ఆ రోజు కోపంతో బిగించి పట్టుకున్నందుకు తెలిసింది. తర్వాత మా మరదలు తెచ్చిచ్చిన తోలుముక్క మడిచి పిన్ను కొస మీద పెట్టి, దబ్బనం మొద్దు వైపు ఆనించి, సుత్తి చెక్కపిడితో మెల్లగా మూడు దెబ్బలు. మా వాడు కళ్ళు మూసుకున్నాడు. నాలుగో దెబ్బకి పిన్ను నా అరచేతిలో పడింది. రెండో మోచెయ్యీ అంతే. చేతులు అటుదిటు మార్చి, పిన్నులు మళ్ళీ దించి, బొమ్మని వాడి ముందుకు జరిపాను.

వాడు ముందు పిన్నులు చూశాడు, భూతద్దం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి. గీత లేదు. తర్వాత మడవడం మొదలుపెట్టాడు. తొమ్మిది, పది. పదకొండో మడతలో అలవాటుగా బొటనవేలు నొక్కడానికి వెళ్ళింది. అది వెళ్ళేలోపే చెయ్యి దానంతటదే "టిక్" మని కూర్చుంది.

"మొదటి విడతని నొక్కి మడవాలని ఇరవై ఏళ్ళు అందరికీ నేర్పానే" అన్నాడు. "ఒకాయన నా మాట విని, ఉన్నదాని చేతులు కూడా మార్పించుకున్నాడు."

"నన్ను తిట్టరా. తిట్టు, తిట్టించుకోవడానికే వచ్చాను."

తిట్టలేదు. "ఆ రోజు నాన్న నీకేం తెచ్చాడు?" అని అడిగాడు.

"ఏమీ తేలేదు."

"నేనెప్పుడూ అడగలేదు."

"అడగలేదు" అన్నాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. యాభై రెండేళ్ళ ఆడదాన్ని, బొమ్మ కోసం ఏడ్చాను. మా మరదలు నాకు నీళ్ళిచ్చింది, వాడికి ఫోన్ ఇచ్చింది.

అచ్చుల ఆవిడకి వాడు దాపరికం లేకుండా చెప్పాడు. "అమ్మా, మీ బొమ్మే కరెక్టు. నాది తప్పు. ఒక్క పిన్ను కూడా తీయొద్దు." అవతల ఆవిడ పక్కకి తిరిగి పనివాళ్ళకి ఏదో అరిచి చెప్పింది, గోల గోలగా వినిపించింది. తర్వాత అడిగింది, "మీరు విప్పి చూశారా సార్? గీత పడకుండా ఎలా తీశారు?"

"నేను కాదు, మా అక్క."

"ఆవిడ ఒకసారి మా వర్క్‌షాపుకి వచ్చి మావాళ్ళకి చూపిస్తారా? తర్వాతి బొమ్మకి నలభై పిన్నులున్నాయి, మాకు దినదినగండంగా ఉంది."

మా వాడు నా వంక చూశాడు. నేను తల ఊపాను. కాలర్లు కుట్టిన ముప్పై ఏళ్ళలో ఎలా కుట్టావమ్మా అని నన్ను అడిగినవాళ్ళు లేరు.

ఇక రివ్యూ మిగిలింది. పాతది తీసేసి ఊరుకోవచ్చు, వాడు అలా చెయ్యనన్నాడు. అదే రోజు పదిన్నరకి, గురువారం కాకపోయినా, గుడ్డ పరిచాడు. లైటు మా మరదలి చేతికిచ్చి, నన్ను తన పక్క కుర్చీలో కూర్చోమన్నాడు. "నా పేరు చెప్పకు, బొమ్మ కొన్న దుకాణంలో ఎవరో మార్చి ఉంటారని చెప్పు, కాస్త పరువైనా మిగులుతుంది" అన్నాను. "మళ్ళీ ఇంకో అబద్ధమా?" అన్నాడు. కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

ఫోను వైపు చూసి చెప్పాడు. గీత లోపలికి ఉండే మొదటి విడత అంటూ ఏదీ లేదు, అది నా తప్పు, నా మాట నమ్మి చేతులు మార్పించుకున్నవాళ్ళు నా దగ్గరికి తీసుకురండి, సరిచేసి ఇస్తాం అన్నాడు. పెట్టె మాస్టారూ, మీరు ఇప్పుడైనా పెట్టె విప్పితే సంతోషం అన్నాడు. (విప్పలేదు. "నమ్ముతున్నాను, విప్పను" అని కింద రాశాడు మహానుభావుడు. ఇద్దరు ముగ్గురు మా వాడిని కడిగేశారు కూడా. అదీ దక్కాల్సిందే.) వాడి గొంతు మాత్రం ఎక్కడా తడబడలేదు. అంతవరకు వాడి పేరు పోతుందని హడలిపోయిన నేను, పక్కన కూర్చుని వింటుంటే, ఈ మాట చెప్పగలిగినవాడి పేరు ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

తర్వాత కొత్త బొమ్మని పెట్టెలోంచి తీసి నా ముందు నిలబెట్టాడు.

"చిన్నప్పుడు ఈ రకం బొమ్మని నాకంటే రెండ్రోజుల ముందు మా అక్క చూసింది. పద్నాలుగు మడతలూ తనే ముందు మడిచింది. కాబట్టి దీని మీద మొదటి మాట తనది. నేను అడగడం ఆలస్యమైంది" అని, నా వైపు తిరిగాడు. "చెప్పక్కా. ఎలా ఉంది?"

పదకొండు వేలమంది ముందు బొమ్మని చేతిలోకి తీసుకున్నాను.

"బాగుందిరా" అన్నాను. "అప్పుడూ బాగుంది. నాకూ ఒకటి కావాలనిపించింది."